సోలార్ లేఅవుట్లు గీసే అబ్బాయికి మాక్రోలు అబ్బుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ డిప్లొమా చేశాడు. ఏడాదిన్నరగా అనంతపురంలో సోలార్ ప్లాంట్ల లేఅవుట్లు గీసే ఆఫీసులో ఆటోక్యాడ్ పని. పైల్ (ప్యానెళ్ళను నిలబెట్టే స్తంభం) పాయింట్లకు నంబర్లు వేయడం, కోఆర్డినేట్లు ఎక్సెల్‌లోకి ఎక్కించడం, రోజంతా ఇదే. మాక్రోలు (పదేపదే చేసే పనిని దానంతటదే చేయించే చిన్న ప్రోగ్రాములు) నేర్చుకుంటాను, బెంగళూరులో కోర్సుకు పంపమంటున్నాడు. కోడింగ్ తెలియనివాడికి అది వస్తుందా? – ఒక తండ్రి, గుత్తి

జవాబు: వస్తుంది. బెంగళూరు మాత్రం ఇప్పుడే వద్దు. ఏ పని వందసార్లు ఒకే తీరుగా చేస్తున్నాడో మీ అబ్బాయికి తెలుసు. అది ఏ కోర్సులోనూ నేర్పరు.

ముందు ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చూడమనండి. ఆటోక్యాడ్ ఎల్‌టీ (సదుపాయాలు తక్కువున్న ఆటోక్యాడ్) అయితే 2024 వెర్షన్ నుంచే ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్‌లో ప్రోగ్రాములు రాసే భాష) నడుస్తుంది. అంతకు ముందుదైతే స్క్రిప్ట్ ఫైళ్ళతో సరిపెట్టుకోవాలి. ఆటోక్యాడ్‌కు బదులు వాడే జడ్‌డబ్ల్యూక్యాడ్, బ్రిక్స్‌క్యాడ్‌లలో లిస్ప్ ఉంది. ఇంకొకటి, ఉన్న కమాండ్‌కు మళ్ళీ కోడ్ రాయనక్కర్లేదు. బ్లాకుల (ఒకసారి గీసి పదేపదే పెట్టుకునే గుర్తుల) కోఆర్డినేట్లను ఎక్సెల్‌కు పంపడానికి పూర్తి ఆటోక్యాడ్‌లో డేటా ఎక్స్‌ట్రాక్షన్ ఉంది. లేయర్ల పేర్లు ఒక పద్ధతికి తేవడానికి లేయర్ ట్రాన్స్‌లేటర్ ఉంది. వీటిని తెరిచి చూడకుండానే కోడ్ మొదలుపెట్టేవాళ్ళు చాలామంది.

మొదటి మెట్టు స్క్రిప్ట్. చేత్తో టైప్ చేసే కమాండ్లనే నోట్‌ప్యాడ్‌లో వరుసగా రాసి, ఎస్‌సీఆర్ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేస్తే చాలు. ఇందులో స్పేస్ అంటే ఎంటర్. ఎక్కడో ఒక ఖాళీ లైను మిగిలితే పాత కమాండ్ మళ్ళీ నడుస్తుంది. చివరి లైను తర్వాత ఎంటర్ కొట్టకపోతే ఆఖరి కమాండ్ అలాగే ఆగిపోతుంది. డైలాగ్ బాక్స్ తెరుచుకునే కమాండ్లకు ముందు హైఫన్ పెట్టాలి: హైఫన్ లేయర్, హైఫన్ పర్జ్. ఫైళ్ళు తెరవడం కోసం ఫైల్‌డయాను (ఫైలు ఎంచుకునే కిటికీ రావాలా వద్దా అనే సెట్టింగ్) సున్నా చేస్తే, పనయ్యాక 1 చేయాలి. స్క్రిప్ట్ మధ్యలో ఆగితే అది సున్నాగానే ఉండిపోతుంది. మర్నాడు ఓపెన్ నొక్కితే కిటికీ రాదు, ఆఫీసంతా సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు.

రెండో మెట్టు ఆటోలిస్ప్. అతని నంబర్ల పనే తీసుకుందాం. ఎస్‌ఎస్‌గెట్ అనే ఎంపిక ఫంక్షన్‌తో పైల్ బ్లాకులన్నీ పట్టుకుంటే అవి నేల మీది వరుసలో రావు. మామూలుగా చివర గీసింది ముందు వస్తుంది. కాబట్టి వై విలువ ప్రకారం, ఆపైన ఎక్స్ ప్రకారం పేర్చాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఒకే వరుసలో కనిపించే పైళ్ళ వై విలువల్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే ప్రోగ్రాం వాటిని వేర్వేరు వరుసలనుకుంటుంది, 14 పక్కన 17 పడుతుంది. తేడా వరుసల మధ్య దూరంలో సగం కంటే తక్కువైతే ఒకే వరుసగా లెక్కించమని కోడ్‌లో రాయాలి.

లేఅవుట్‌కు తగ్గట్టు యూసీఎస్‌ను (మనకు వీలుగా పెట్టుకునే ఎక్స్, వై అక్షాలను) తిప్పి ఉంటే ఇంకో చిక్కు. బ్లాకు వివరాలు చదివే ఎంట్‌గెట్ ఇచ్చే పాయింటు వరల్డ్ కోఆర్డినేట్లలో (డ్రాయింగ్ అసలు అక్షాల్లో) ఉంటుంది, ఆటోక్యాడ్ కమాండ్లను నడిపే కమాండ్ ఫంక్షన్ మాత్రం ప్రస్తుత యూసీఎస్‌లో చదువుకుంటుంది. ఎక్సెల్‌లో అంకెలు సరిగ్గానే ఉంటాయి, డ్రాయింగ్‌లో నంబర్లు ఎక్కడో పొలాల్లో పడతాయి. మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే ట్రాన్స్ ఫంక్షన్ వాడితే సర్దుకుంటుంది. పేర్చే ముందు కూడా పాయింట్లను యూసీఎస్‌లోకి మార్చుకోవాలి. లేకపోతే ఏటవాలు వరుసలు కలిసిపోతాయి. ఆస్‌మోడ్‌ను (పాయింటు దగ్గర్లోని గీతకు అతుక్కునే సెట్టింగ్) మొదట సున్నా చేయకపోతే టెక్స్టు పక్కనున్న గీత కొసకు అతుక్కుంటుంది. ఆ పాత విలువ ఎస్కేప్ నొక్కినా తిరిగి వచ్చేలా ఎర్రర్ ఫంక్షన్‌లో పెట్టాలి.

అంకెను టెక్స్టుగా మార్చేచోట మూడు దశాంశ స్థానాలని స్పష్టంగా రాయాలి. రాయకపోతే డ్రాయింగ్ యూనిట్ల సెట్టింగే వర్తిస్తుంది. అది సున్నాగా ఉంటే, మీటర్ల డ్రాయింగ్‌లో పైల్ ఒక్కో దిశలో అర మీటరు దాకా జరుగుతుంది. ఫైలు పేరులో యూటీఎం జోన్ (కోఆర్డినేట్ల కోసం భూమిని రేఖాంశాల వారీగా విడగొట్టిన పట్టీ నంబరు) కూడా ఉండాలి. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది: అనంతపురం 43లో, కడప, కర్నూలు 44లో. కర్నూలు నగరం ఆ గీతకు ఆనుకునే ఉంది కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. సైటుకు పంపేముందు బ్లాకుల లెక్క, ఎక్సెల్ వరుసల లెక్క సరిపోవాలి. యూసీఎస్‌ను వరల్డ్‌కు తెచ్చి పాయింటు కోఆర్డినేట్లు చూపే ఐడీ కమాండ్‌తో పది పాయింట్లు చేత్తో చూడాలి. ఎప్పుడైనా నడిపేది కాపీ మీదే.

ఇంటర్నెట్‌లో దొరికిన లిస్ప్ ఫైలును చదవకుండా లోడ్ చేయొద్దనండి. ఫోల్డర్ నుంచి ఫోల్డర్‌కు తమను తామే కాపీ చేసుకునే లిస్ప్ వైరస్‌లు ఉన్నాయి. నమ్మకం లేని ఫోల్డర్ నుంచి ప్రోగ్రాం లోడ్ అవుతుంటే వచ్చే సెక్యూర్‌లోడ్ హెచ్చరిక వస్తోందని దాన్ని ఆపేయడం తప్పు. సొంత ప్రోగ్రాములకు ఒక ట్రస్టెడ్ ఫోల్డర్ పెట్టుకుంటే సరిపోతుంది.

రోజుకో గంట చొప్పున రెండు మూడు నెలలు కూర్చుంటే పై నంబర్ల ప్రోగ్రాం రాయగలడు. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ ఇచ్చే ఉచిత విద్యా లైసెన్సు చదువుకుంటున్నవాళ్ళకు, పాఠాలు చెప్పేవాళ్ళకే, ఉద్యోగంలో వాడకూడదు. ఇంట్లో సాధనకు ఫ్రీక్యాడ్ ఉచితం, అందులో మాక్రోలు పైథాన్‌లో ఉంటాయి. ఆ పైథాన్ రేపు డీఎక్స్‌ఎఫ్ (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య డ్రాయింగ్‌లు ఇచ్చిపుచ్చుకునే) ఫైళ్ళను ఆటోక్యాడ్ లేకుండానే చదివే ఈజెడ్‌డీఎక్స్‌ఎఫ్ లైబ్రరీకీ పనికొస్తుంది. మెకానికల్ వైపు వెళ్తే సాఫ్ట్‌వేర్లూ, మాక్రోల పద్ధతులూ వేరు: సాలిడ్‌వర్క్స్‌లో వీబీఏ, క్రియోలో మ్యాప్‌కీలు, అది వేరే దారి.

‘మాక్రో డెవలపర్’ అనే పేరుతో మన జిల్లాల్లో ఉద్యోగాలు వెతకొద్దు. పనికొచ్చేది రెజ్యూమేలో ఒక లైను: ఏ పని, చేత్తో ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత. ఇంటర్వ్యూకు క్లయింటు డ్రాయింగ్ తీసుకెళ్ళకూడదు, ఆఫీసులో రాసిన కోడ్ కూడా అడగకుండా బయటికి తీయకూడదు. యాభై పైళ్ళతో సొంతంగా ఒక నమూనా లేఅవుట్ గీసి, దాని మీద ఇంట్లో రాసిన ప్రోగ్రాం నడిపి చూపిస్తే చాలు. ఆ తర్వాత బెంగళూరు వెళ్ళాలనిపిస్తే కోర్సుకు కాదు, ఉద్యోగానికే పంపండి.