షెడ్డు దగ్గర మాటలు: గోడ మీది తెల్ల కారు

పోయిన సంచికలో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ అనే స్పోర్ట్స్ కారు గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా దాని వెంటే వచ్చాయి. క్లచ్‌ల ప్రశ్నలు, బ్యాటరీల ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

*ప్రశ్న: తొంభైల నాటి స్పోర్ట్స్ కార్లలో మీరు ఎన్‌ఎస్‌ఎక్స్‌కి పెద్దపీట వేశారు. మా స్నేహితులంతా టయోటా సుప్రాయే రాజు అంటున్నారు. జపాన్‌లో రెండింటికీ 280 హార్స్‌పవరే అని చదివాను. మరి తేడా ఎక్కడ? (పలాస నుంచి ఒక పాఠకుడు)*

జవాబు: బాబూ, ముందు ఆ 280 సంగతి. అప్పట్లో జపాన్ కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి, ఏ కారుకీ 280కి మించి శక్తి ప్రకటించకూడదని. అందుకే సుప్రా, ఎన్‌ఎస్‌ఎక్స్, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, అన్నిటి కాగితాల మీదా అదే అంకె. ఆ అంకె చూసి కార్లను పోల్చలేం. బానెట్ ఎత్తి చూడాలి.

1993లో వచ్చిన సుప్రాల్లో టర్బో రకానిది 2జేజెడ్ ఇంజిన్. మూడు లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బోలు రెండు. తక్కువ వేగంలో ఒక టర్బోయే పనిచేస్తుంది, ఇంజిన్ ఊపందుకున్నాక రెండోది తోడవుతుంది. బ్లాక్ పోత ఇనుముది. బరువే గానీ మహా గట్టిది. కంపెనీ ఇచ్చిన శక్తికి రెండింతలు పిండినా ఓర్చుకుంటుంది. మీ స్నేహితులు దాన్ని రాజు అనడంలో తప్పేమీ లేదు.

నా మనసు ఇంకోచోట పడింది. 1993లో నేను విజయనగరంలో మా గురువుగారి షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. సామాన్ల కోసం విశాఖ వెళితే పాత పుస్తకాల బండి మీద జపాన్ కార్ల పత్రిక ఒకటి కనబడింది. ఓడలో పనిచేసేవాళ్లెవరో అమ్మేసిందట. లోపల ఒక్క అక్షరం అర్థం కాలేదు గానీ, నడిమి పేజీలో తెల్ల ఎన్‌ఎస్‌ఎక్స్‌ను నిలువునా కోసి చూపించిన బొమ్మ ఉంది. సీట్ల వెనక ఇంజిన్, తళతళలాడే అల్యూమినియం చట్రం. ఆ పేజీని పనిబల్ల పైన గోడకి అంటించాను. ఎవరికైనా చూపించాలంటే వేలు పెట్టి చూపించేవాణ్ణి కాబట్టి, ఇంజిన్ ఉన్నచోట గ్రీజు మచ్చ పడిపోయింది. ఇప్పుడు నా షెడ్డులో ఉంది ఆ కాగితం.

నన్ను కట్టిపడేసింది అందులోని కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని క్రాంకు షాఫ్ట్‌కి కలిపే కడ్డీ. ఈసారి ఎక్కడైనా మారుతి 800 ఇంజిన్ విప్పుతుంటే ఆ రాడ్‌ని ఓసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. పిస్టన్ పైకి వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి కిందికి రావాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ నిమిషానికి 8,000 తిరుగుతుంది. అంటే ఆ రావడం పోవడం సెకనుకి 133 సార్లు. వేగం రెండింతలైతే రాడ్ మీద పడే గుంజు నాలుగింతలు. మామూలు ఉక్కు రాడ్ అక్కడ చాలా బరువైపోతుంది. అందుకని హోండావాళ్లు టైటానియంతో చేశారు. టర్బో పెట్టకుండా, మూడు లీటర్ల వి6 (వి ఆకారంలో ఆరు సిలిండర్లు) తోనే అంత శక్తి రాబట్టారు. బాడీ మొత్తం అల్యూమినియం.

1989లో కారు ఇంకా తయారీలో ఉండగా ఫార్ములా వన్ ఛాంపియన్ ఐర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద నడిపి, చట్రం ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. ఇంజినీర్లు మొహం ముడుచుకోలేదు. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌కి పట్టుకెళ్లి, నడిపి, చట్రాన్ని బిగించి, మళ్లీ నడిపారు. 1990లో అమ్మకానికి పెట్టారు.

ఇంకొక్క సాక్ష్యం చెప్పి ముగిస్తాను. ఆ దశకానికే తలమానికమైన మెక్‌లారెన్ ఎఫ్1ని గీసిన గోర్డన్ మర్రే, నడక ఎలా ఉండాలో చూసుకోవడానికి ఎన్‌ఎస్‌ఎక్స్‌నే కొలబద్దగా పెట్టుకున్నాడు. ఆ ఎఫ్1లో డ్రైవరు సీటు నట్టనడుమ, చెరో పక్కా ఒక్కో సీటు, బీఎండబ్ల్యూ చేసిచ్చిన వి12. వేడి తగలకుండా ఇంజిన్ గదికి లోపల బంగారు రేకు తొడిగారు. మొత్తం చేసినవి 106. 1998లో గంటకు 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. బరువు మాత్రం 1,140 కిలోల దగ్గర. మన అంబాసిడర్ తూగేది కూడా ఇంచుమించు అంతే!

*ప్రశ్న: మా క్లాసులో రోటరీ ఇంజిన్ ఒక్క పేజీలో చెప్పి వదిలేశారు. మాజ్డా ఆర్‌ఎక్స్-7లో అదే ఉంటుందట. పిస్టన్ లేకుండా ఇంజిన్ ఎలా తిరుగుతుంది? (శ్రీకాకుళం నుంచి పాలిటెక్నిక్ విద్యార్థిని)*

జవాబు: తల్లీ, మీ ఇంట్లో పాత రుబ్బురోలు ఉంటే దాని దగ్గర కూర్చో. పొత్రం తన చుట్టూ తాను తిరుగుతూనే గుంత అంచు వెంబడి కూడా తిరుగుతుంది చూడు. దాని ఒక పక్క సందు పెరుగుతుంటే ఇంకో పక్క సందు తగ్గుతుంది. ఇప్పుడు పొత్రం స్థానంలో పక్కలు కొంచెం ఉబ్బిన ముక్కోణపు రోటర్‌ని ఊహించుకో. మూడు పక్కలకీ మూడు గదులు. ఒకటి పెట్రోలు, గాలి పీలుస్తుంటే ఇంకొకటి వాటిని నొక్కుతుంది, మూడోదాంట్లో మంట పుడుతుంది. పైకీ కిందికీ కొట్టుకునేది ఏదీ లేదు, వాల్వులు లేవు. అందుకే అంత నున్నగా తిరుగుతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది.

ఆర్‌ఎక్స్-7లో 654 సీసీ రోటర్లు రెండు. ఇంజిన్ చిన్నది కాబట్టి ముందు ఇరుసుకి వెనగ్గా జరిపి పెట్టారు. కారు బరువు ముందుకీ వెనక్కీ దాదాపు సమంగా పడింది.

రోటర్ మూడు మూలల్లోనూ ఎపెక్స్ సీళ్లు ఉంటాయి, మన పిస్టన్ రింగుల పని వాటిది. అవి అరిగితే కంప్రెషన్ పోతుంది. అవి ఎండిపోకుండా ఇంజినే కాస్త ఆయిల్ లోపలికి వదులుతుంది, అది పెట్రోలుతోపాటు కాలిపోతుంది. కాబట్టి ఆయిల్ కొలపుల్ల తరచూ చూసుకోవాల్సిన బండి ఇది. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కూడా రోటరీదే, నాలుగు రోటర్లు. అది గెలిచేదాకా ఏ జపాన్ కారూ ఆ పందెం గెలవలేదు. ఈ మాట మీ మాస్టారికి చెప్పు.

*ప్రశ్న: గాలితో చల్లబడే కారు ఇంజిన్ ఉంటుందా? (బొబ్బిలి)*

జవాబు: ఉండేది. మోటారు సైకిల్ ఇంజిన్ మీద రెక్కలు చూస్తారు కదా, అదే పద్ధతి. పోర్షె 911లో 993 అనే మోడల్ దాకా అలాగే నడిచింది. ఫ్యాను గాలి కొంత, ఆయిల్ కొంత వేడిని లాగేవి. 1998తో ఆ వరస ఆగిపోయింది, తరవాతి 911లకి నీళ్లే.

*ప్రశ్న: నాది 1998 మారుతి జెన్. సుప్రాలా కిందికి దించాలని ఉంది. స్ప్రింగులు కోయిద్దామనుకుంటున్నాను. ఎన్ని చుట్లు తీయించాలి? (రాజాం)*

జవాబు: ఒక్క చుట్టు కూడా వద్దు నాన్నా. నిరుడు ఒక కుర్రాడు ఇలాగే ఎక్కడో కోయించుకుని తెచ్చాడు. చీపురుపల్లి రోడ్డులో స్పీడ్ బ్రేకర్‌కి ఆయిల్ చాంబర్ తగిలి పగిలింది. చూసుకోలేదు. ఆయిల్ అంతా రోడ్డుపాలై ఇంజిన్ పట్టేసింది. విప్పితే క్రాంకు బేరింగులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ పిల్లాడు నేల మీద కూర్చుని వాటిని చేతిలోకి తీసుకుని చూస్తుంటే నాకే కడుపు తరుక్కుపోయింది.

నీ జెన్‌లోనూ అల్యూమినియం ఇంజినే ఉంది, బండి తేలిక. దాన్ని నువ్వు ఇంకా సరిగ్గా నడిపి చూసి ఉండవు. షాకబ్సర్లు నాలుగూ కొత్తవి వెయ్యి. ముందు ఆర్మ్‌ల బుష్షులు, ఇంజిన్ మౌంటింగులు మార్పించు. మంచి టైర్లు వేసి అలైన్‌మెంట్ చూపించు. డిక్కీలో సౌండు పెట్టె ఉంటే దింపెయ్యి. తరవాత ఒక ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, స్టీరింగ్ వేళ్లతో పట్టుకుని మలుపులు తిప్పి చూడు. ఎలా ఉందో నాకు ఉత్తరం రాయి.