దొంగ ఖాతాకు కట్టిన డబ్బుతో మీకు రావలసిన బాకీ తీరిపోదు

విజయనగరం నుంచి ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. మీ గోనె సంచుల యూనిట్ మెయిలులోకి ఎవరో చొరబడి, మీ పేరుతో కొత్త బ్యాంకు ఖాతా వివరాలు పంపి, మీకు రావలసిన 9 లక్షలు కాజేశారని రాశారు. సరుకు కొన్న కంపెనీ ‘మేము కట్టేశాం’ అంటోందని, పాత బాకీ 22 లక్షలు కూడా ఆపేసిందని, అది ఒక పెద్ద సంస్థకు అనుబంధ కంపెనీ కాబట్టి ఆ పెద్ద సంస్థ మీదే దావా వేయవచ్చా అని అడిగారు.

నేను న్యాయవాదిని కాను. పలాసలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. బట్టీ, కటింగు పనులు మా ఆయన చూసుకుంటారు, లెక్కలు, బిల్లులు నేను చూస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు షెడ్డు పైకప్పు పోతే అప్పు చేసి మళ్లీ నిలబెట్టుకున్నాం. ఆ అప్పు పూర్తిగా తీరకముందే 2024లో మీకు వచ్చిన కష్టమే మాకూ వచ్చింది. అందుకే మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

వేరే రాష్ట్రంలోని ఒక కంపెనీకి ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు వరకు మూడు లోడ్లు పంపాం. మొదటి బిల్లు 18,40,000, రెండోది 14,60,000, మూడోది 12,75,000. సెప్టెంబరులో డబ్బు కోసం ఫోను చేస్తే వాళ్ల అకౌంట్స్ విభాగంలోని అబ్బాయి, ‘మేడమ్, మొదటి బిల్లు డబ్బు తొమ్మిది రోజుల క్రితమే మీ కొత్త ఖాతాకు వేశాం కదా’ అన్నాడు. మాకు కొత్త ఖాతా అంటూ ఏదీ లేదు. ఆ మాట విన్నాక కాసేపు నాకు నోట మాట రాలేదు.

అప్పుడు మేము చేసిన పెద్ద పొరపాటు ఏమిటంటే, మా డబ్బు పోయిందని అనుకోవడం. అయిదు రోజులు వాళ్లను బతిమాలుతూ, తప్పు మాదేనన్నట్టు మాట్లాడాం. మా పరిస్థితి చూసి వాళ్లు ఇంకో ఉత్తరం పంపారు. దర్యాప్తు తేలేవరకు మిగతా రెండు బిల్లులు కూడా ఆపుతున్నామని అందులో రాశారు. వారం వారం కూలి తీసుకునే పొట్టు తీసే ఆడవాళ్లు ఇరవై మంది మా దగ్గర పని చేస్తారు. ఆ శనివారం వాళ్లకు కూలి ఇవ్వడానికి నా గాజులు తాకట్టు పెట్టాను.

శ్రీకాకుళంలో మేము కలిసిన న్యాయవాది గారు కాగితాలన్నీ చదివి అడిగిన మొదటి ప్రశ్న, ‘డబ్బు ఎవరి ఖాతాలోంచి పోయింది?’ వాళ్ల ఖాతాలోంచి అన్నాం. ‘అయితే దొంగతనం జరిగింది వాళ్లకు. మీకు ఉన్నది బాకీ. ఈ రెంటినీ ముడి వేసింది వాళ్లు, ఆ ముడి మీరు విప్పాలి’ అన్నారు. మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోనే ఉంది. అప్పున్నవాడు అప్పిచ్చినవాడికో, అతను నియమించిన మనిషికో కట్టాలి. మూడోవాడి చేతిలో పెట్టి బాకీ తీరిందంటే చెల్లదు.

అయితే దీనికి ఒక మెలిక ఉంది. కొత్త ఖాతా వివరాల మెయిలు నిజంగా మీ మెయిలు నుంచే వెళ్లి ఉంటే, మీ అజాగ్రత్త వల్లే మోసపోయామని వాళ్లు వాదిస్తారు. మీ మెయిలును పోలిన మరో చిరునామా నుంచి వెళ్లి ఉంటే, సరిచూసుకోనిది వాళ్లే. కాబట్టి ముందుగా ఆ మెయిలును వాళ్ల దగ్గర నుంచి తెప్పించండి. స్క్రీన్‌షాట్ సరిపోదు. హెడర్ వివరాలతో, అంటే ఆ మెయిలు ఏ చిరునామా నుంచి ఏ దారిలో వచ్చిందో చూపే సమాచారంతో సహా అసలు ఫైలు రావాలి. మాకు అది వచ్చిన రాత్రి, మా అసలు మెయిలునూ దానినీ ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. మా ఇద్దరికీ తేడా కనిపించలేదు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వంగి చూసి, ‘అమ్మా, ఇక్కడ ఉన్నది ఎం కాదు’ అంది. ఇంగ్లిషు ఎం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ అక్షరాలను ఒకదానికొకటి ఆనించి రాశారు. కళ్లజోడు పెట్టుకుని వేలు ఆనించి చూస్తే గాని తెలియదు.

మన బలహీనతను కూడా దాచకూడదు. మా మెయిలు సెట్టింగులలో మేము పెట్టని ఫార్వర్డింగ్ చిరునామా ఒకటి దొరికింది. మా ఉత్తరాలన్నీ కొంతకాలంగా దొంగకు కాపీ అవుతున్నాయి. న్యాయవాది గారు దాన్ని తొలగించేముందు ఫోటో తీయించారు, తర్వాత మా జవాబులో ముందే రాశారు. అవతలివాళ్లు బయటపెడితే వచ్చే నష్టం మనమే చెప్పుకుంటే రాదన్నారు. ఇలాంటి సాక్ష్యాలకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి, ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, అందులో ఉండాలి. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించకండి. మా పక్క యూనిట్ వాళ్లు భయంతో అదే చేసి ఉన్న సాక్ష్యం పోగొట్టుకున్నారు.

ఇక పోలీసు ఫిర్యాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే ముందు అడిగేది యూటీఆర్ నంబరు, అంటే ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చిన సంఖ్య. అది కట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. మేము మొదట వెళ్లిన స్టేషన్‌లో అది మీ ఊళ్లో జరిగిన నేరం కాదని పంపేశారు. నిజానికి 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లాకే తీసుకున్నారు. అదే రోజు కొనుగోలుదారుకు రాతపూర్వకంగా పంపాం: మీ డబ్బు పోయింది, వెంటనే 1930కి మీరే చెప్పండి, ఆలస్యానికి బాధ్యత మీది అని. వాళ్లు నాలుగు రోజులు నాన్చి, చివరికి ఫిర్యాదు చేశారు. అప్పటికి దొంగ ఆ డబ్బును మళ్లించిన రెండో ఖాతాలో మిగిలిన 4,12,000 మాత్రమే స్తంభింపజేయగలిగారు. మొదటి గంటల్లో చెప్పి ఉంటే చాలావరకు దొరికేదని సైబర్ విభాగంలో ఒకరు అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

‘మీ సంస్థ పేరే టైపు చేశాం, తప్పు బ్యాంకుది’ అని వాళ్లు ఇంకో వాదన తెచ్చారు. నెఫ్ట్, ఆర్టీజీఎస్ బదిలీల్లో జమ చేసేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. కట్టేముందు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 నాటికి పెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మాకు మోసం జరిగినప్పటికి అది లేదు. మీ చెల్లింపు ఆ తేదీ తర్వాతిదైతే తప్పకుండా అడగండి: మీకు తెర మీద ఏ పేరు కనిపించింది, చూసి కూడా ఎందుకు పంపారు అని.

బాకీ సంగతికి వస్తాను. మనలాంటి వాళ్లకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టాన్ని మించిన అండ లేదు. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. మా కాలంలో ఆ రేటు 6.75 శాతం, అంటే వడ్డీ 20.25 శాతం. మా రెండు బిల్లుల 27,35,000 మీద ఆ లెక్కన ఏడాదికి ఆరు లక్షలు దాటుతుంది. మేము అప్పట్లో సమాధాన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే, ఇలాంటి బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లింది. కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా మన ప్రాంతపు కౌన్సిల్ విచారించవచ్చని ఆ చట్టం సెక్షన్ 18 చెబుతోంది. వాళ్లతో విడిగా మధ్యవర్తిత్వ ఒప్పందం ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పలాస నుంచి వాళ్ల నగరానికి వాయిదాలకు తిరగాల్సి వస్తే మేము ఎప్పుడో వదిలేసేవాళ్లం.

ఇక్కడ మీ ఉద్యమ్ పత్రం, అంటే చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం, తీసి చూసుకోండి. సరుకు పంపకముందే నమోదై ఉండడం క్షేమం, తయారీదారుగా ఉండాలి. వ్యాపారిగా నమోదైనవాళ్లకు ఈ చెల్లింపుల రక్షణ వర్తించదు. మా ఊళ్లో పప్పు కొని అమ్మే కొందరు ఇది తెలియక దరఖాస్తు చేసి వెనక్కి వచ్చారు.

కౌన్సిల్‌లో వాళ్లు సరుకు నాణ్యత ఎత్తారు. గుండులో (విరగని పప్పులో) బద్దలు కలిశాయని, తేమ ఎక్కువని, లోడు దిగిన డెబ్బై రోజులకు! సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టేనని ఆ చట్టంలోనే ఉంది. మా బిల్లుల మీద వాళ్లు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకున్నారు, అంటే మా సరుకు మీది పన్నును తమ పన్నులో తగ్గించుకున్నారు. లారీ రసీదులు, ఈ-వే బిల్లులు, గేటు దగ్గర ముద్ర వేసిన చలాన్లు వరుసగా పెట్టేసరికి ఆ వాదన నిలబడలేదు.

పెద్ద సంస్థ మీద దావా గురించి అడిగారు. మాకూ అదే ఆశ ఉండేది. బేరం మాట్లాడింది పెద్ద సంస్థ మనుషులు, వచ్చి యూనిట్ చూసింది వాళ్లే. కానీ ఆర్డరు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేరు, జీఎస్టీ నంబరు అనుబంధ కంపెనీవి. చట్టం దృష్టిలో ప్రతి కంపెనీ వేరే వ్యక్తి. 1896 నాటి బ్రిటన్ సాలమన్ తీర్పు నుంచి 2012లో మన సుప్రీంకోర్టు వొడాఫోన్ కేసులో చెప్పినదాకా మూలసూత్రం అదే. సగానికి మించి వాటా ఉన్నంత మాత్రాన పిల్ల కంపెనీ అప్పు తల్లి కంపెనీ నెత్తిన పడదు. హామీ ఇచ్చి ఉండాలి, లేదా మోసం చేయడానికే ఆ కంపెనీని ముసుగుగా వాడారని రుజువు కావాలి. హామీ నోటిమాటగా ఉన్నా చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 126 అంటుంది కాబట్టి పాత మెయిళ్లన్నీ వెతకండి. మాకు దొరికింది ‘చెల్లింపుల విషయం మేము చూసుకుంటాం’ అన్న ఒక్క వాక్యం. అది హామీ కింద నిలబడడం కష్టమని న్యాయవాది గారు నిజాయితీగా చెప్పారు.

దావాకు ఖర్చు పెట్టేముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి రుసుము కట్టి ఆ అనుబంధ కంపెనీ పత్రాలు చూడండి. మేము చూస్తే మూలధనం లక్ష రూపాయలు, సరుకంతా బ్యాంకుకు తనఖా. సరుకు పంపకముందు చూడాల్సిన కాగితం అది. దివాలా చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళదామని మీకు ఎవరైనా చెప్పవచ్చు. 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలి, మీదీ మాదీ అంత లేదు.

పెద్ద సంస్థను కదిలించింది దావా కాదు. చిన్న పరిశ్రమలకు తాము కట్టాల్సిన బాకీలను కంపెనీలు తమ లెక్కల్లో విడిగా చూపాలి. మా బాకీ చూపారా అని అనుబంధ కంపెనీ ఆడిటర్లకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, నకలు తల్లి కంపెనీకి పంపాం. అంతవరకు ఫోను ఎత్తనివాళ్లు రెండు వారాల్లో మాట్లాడారు. 2025 ఆగస్టులో కౌన్సిల్ ముందు రాజీ కుదిరింది. రెండు బిల్లుల అసలు మొత్తం, సగం వడ్డీ మూడు వాయిదాల్లో వచ్చాయి. సగం వడ్డీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ వచ్చే జీడిపిక్కల సీజనుకు చేతిలో డబ్బు కావాలి.

మొదటి బిల్లు 18,40,000 మాత్రం ఇంకా కౌన్సిల్ మధ్యవర్తిత్వంలోనే ఉంది. అయితే మధ్యలో ఒక విషయం జరిగింది. స్తంభించిన 4,12,000 విడిపించుకోవడానికి వాళ్లు తమ నగరంలోని కోర్టులో నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద అర్జీ వేశారు. ‘మోసపోయినది మేమే, దొంగిలించబడినది మా సొమ్మే’ అని అందులో ప్రమాణపూర్వకంగా రాశారు. మాతో మాత్రం ఏడాదిగా ‘పోయింది మీ డబ్బు’ అంటున్నారు. ఆ అర్జీ సర్టిఫైడ్ నకలు తీయించి కౌన్సిల్ ముందు పెట్టాం. మా దగ్గరున్న కాగితాల్లో దానికన్నా బలమైనది లేదు. మీ కొనుగోలుదారు కూడా పోలీసులకో, బ్యాంకుకో, బీమా కంపెనీకో ఇలాంటిది రాసే ఉంటారు. దానికోసం ఇప్పటినుంచే వెతకండి.

ఇంకొక్కటి, ఇది ఈ వారంలోనే చేయండి. మీ పాత బాకీలో మొదటి బిల్లు 2023 మే నాటిదని రాశారు. సివిల్ దావాకు మూడేళ్లే గడువు. ఆలోపు వాళ్లు సంతకంతో బాకీ ఒప్పుకున్న కాగితం ఏదైనా ఉంటే, లేదా కొంత కట్టి ఉంటే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. మార్చి 31 నాటి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (బాకీ ఇంత అని ఒప్పుకునే) పత్రం మీద వాళ్ల సంతకం, ముద్ర ఉన్నాయేమో ముందు ఫైలులో చూడండి. లేకపోతే అలాంటి పత్రం తయారుచేసి వాళ్ల సంతకానికి పంపండి, కానీ దొంగతనం జరిగిన 9 లక్షల బిల్లును అందులో కలపకండి. 22 లక్షలకు ఒక కాగితం, 9 లక్షలకు ఒక కాగితం.