టీబీ తగ్గాక మళ్లీ రక్తపు కళ్లె

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. 12 ఏళ్ల క్రితం టీబీ వచ్చి, మందులతో తగ్గింది. నాలుగు నెలలుగా దగ్గు, నీరసం, కళ్లెలో రక్తపు చారలు. పరీక్షలో టీబీ లేదన్నారు. మరి ఇదేమిటి?

జవాబు: టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో మిగిలిపోయిన గుల్లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి, ఉండలా పెరిగి ఉండవచ్చు. గడ్డివాములోనూ, తడిసిన ధాన్యంలోనూ ఉండే ఈ బూజు రేణువులను మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు వాటిని వదిలించుకుంటాయి గానీ, పాత టీబీ, సీవోపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) వంటి జబ్బులతో దెబ్బతిన్నవి ఆ పని సరిగా చేయలేవు. ఛాతీ సీటీ స్కాన్, ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష (ఈ బూజుకు ఎదురుగా ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూసేది) చేయించండి. కళ్లెలో క్రిమి కనబడకుండానే మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు, దానికి తొందరపడవద్దు. బూజేనని తేలితే ఇట్రాకొనజోల్ వంటి మందును సాధారణంగా కనీసం 6 నెలలు, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఆ క్యాప్సూల్‌ను భోజనం కాగానే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు తోడైతే అది ఒంటికి సరిగా పట్టదు. నాన్నగారు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. రక్తం చారలుగా కాక ఎక్కువగా పడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.