మిట్టమధ్యాహ్నం సోలార్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి, ఎండ బాగా కాసే రోజుల్లోనే, పదకొండు దాటాక ఇన్వర్టర్ ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ (లైన్లో వోల్టేజ్ ఎక్కువైంది) అని చూపించి ఆగిపోతోంది. పెట్టినవాళ్లు లైన్‌దే తప్పంటారు, లైన్‌మన్ ఇన్వర్టర్ చూపించుకోమంటాడు. పైగా కరెంటు పోతే సోలారూ పోతోంది. ఇదెక్కడి టెన్షన్?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇన్వర్టర్ చెడిపోలేదమ్మా, చెయ్యాల్సిన పనే చేస్తోంది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని, అంటే 11 వేల వోల్టులని, 433 వోల్టులకు దించుతుంది, అంటే లోడు లేనప్పుడు ఫేజుకు 250. దారిలో ఇళ్లన్నీ వాడుకుంటూ పోతే చివరింటికి చేరేసరికి తగ్గుతుంది కదా అని అలా పెట్టారు, ఇళ్ల మీద నుంచి కరెంటు ఎదురొస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. మీ సోలార్ లైన్‌లోకి పంపాలంటే లైన్ కంటే కాస్త ఎక్కువ వోల్టేజ్ పెట్టి నెట్టాలి. ఇంటికి రావాల్సిన 230 వోల్టుల మీద పది శాతం పెరిగితే, అంటే 253 దగ్గర, ఇన్వర్టర్ రెండు సెకన్లలో లైన్ నుంచి విడిపోవాలని కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధన. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో ఇల్లుంటే మీకు మిగిలేది మూడు నాలుగు వోల్టులే! మేలో ఏసీలు లాగేస్తుంటాయి కాబట్టి ఈ గొడవ అంతగా ఉండదు, మాఘంలో ఎండ ఉంటుంది, వాడకం ఉండదు.

ముందు ఇన్‌స్టాలర్‌ని మధ్యాహ్నం పిలిచి ఇన్వర్టర్ దగ్గరా, మీటర్ దగ్గరా ఒకేసారి వోల్టేజ్ కొలవమనండి. తేడా నాలుగైదు వోల్టులుంటే మీ వైరే సన్నం. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు, 30 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే దాదాపు 6 వోల్టులు అక్కడే పెరుగుతాయి. అదే 6 స్క్వేర్ ఎంఎం అయితే రెండున్నర. చాలా ఇళ్లల్లో కక్కుర్తి పడేది ఇక్కడే, నాకు నిజంగా బాధేస్తుంది.

మీటర్ దగ్గరే 250 ఉంటే ఆ రీడింగులు రాసి కరెంటాఫీసులో సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇవ్వండి. వీధిలో సోలార్లన్నీ ఒకే ఫేజు మీద పడ్డాయేమో చూసి మార్చొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాప్ (వోల్టేజ్‌ని మెట్లు మెట్లుగా మార్చే స్విచ్) ఉంటే ఒక మెట్టు దించొచ్చు. ఈలోగా మోటారు, వాషింగ్ మెషిన్ మధ్యాహ్నమే వేసుకోండి. ఇన్వర్టర్ ఆగే వోల్టేజ్ సెట్టింగ్ పెంచేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు, ఇంట్లో ఫ్రిజ్, టీవీ కూడా ఆ వోల్టేజ్ మీదే కదా నడిచేది.

ఇక కరెంటు పోయినప్పుడు సోలార్ ఆగడం లైన్‌మన్ ప్రాణం కోసం. సప్లై ఆపి స్తంభమెక్కిన మనిషి తీగలోకి మీ డాబా మీద నుంచి కరెంటు రాకూడదు. అప్పుడు కూడా ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి, కరెంటు పోగానే అది లైన్‌ని విడదీసి ఇంటికి మాత్రమే ఇస్తుంది. ఖర్చు బాగానే అవుతుంది, ముందు వైరు సంగతి చూడండి.