‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవల కొందరికి ప్రాణం, కొందరికి విసుగు. ఎందుకింత తేడా? ఇప్పుడు చదవొచ్చా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను: చదవండి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. మొదటిదానికి మాత్రం కొంచెం పొడుగ్గా చెప్పాలి. కథ చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి చదవనివాళ్ళు ఇక్కడే ఆగి, చదివి రండి.

జాన్ స్టైన్‌బెక్ రాసిన ఈ పుస్తకం ఎవరికి నచ్చుతుందో తేల్చడానికి నేను ఒకే ఒక ప్రశ్న అడుగుతాను. జరగదని లోపల తెలిసిన ముచ్చటని ఇంకో మనిషి పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారా ఎప్పుడైనా? చెప్పుకున్నవాళ్ళని ఈ పుస్తకం వదిలిపెట్టదు. మిగతావాళ్ళకి ఇద్దరు కూలీలు, ఓ కుందేళ్ళ గోల, చివర్లో ఓ తుపాకీ, అంతే కనిపిస్తాయి. ఇన్నేళ్ళలో ఎంతమందితో మాట్లాడినా ఈ లెక్క తప్పలేదు.

నేను చెప్పుకున్నాను. 2008లో నేనూ నా ఫ్రెండూ కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఇద్దరం హెచ్-1బి వీసా మీద ఉద్యోగానికి వచ్చినవాళ్ళమే. ఆదివారం రాత్రుళ్ళు కాంప్లెక్స్ వెనకున్న లాండ్రీ రూమ్‌కి బట్టలు పట్టుకెళ్ళేవాళ్ళం. వాష్‌కి అయిదు క్వార్టర్లు, అంటే పావు డాలర్ నాణేలు. వాటిని వరసగా గాళ్ళలో నిలబెట్టి ఆ స్టీలు పలకని లోపలికి గట్టిగా తోస్తే గడక్ మని చప్పుడొచ్చి, పలక ఖాళీగా బయటికొచ్చేది. వాడు వాషర్ మీదెక్కి కూర్చునేవాడు. ఒక డ్రయర్ తలుపు నిలిచేది కాదు, దానికి నేను కుర్చీ అడ్డం పెట్టేవాణ్ణి.

ఒకరోజు వాడన్నాడు, "ఈ క్వార్టర్లన్నీ ఎవడికి పోతున్నాయిరా? ఇలాంటిది మనదే ఒకటుంటే?"

అలా మొదలైంది. ఫ్రీమాంట్‌లో కాయిన్ లాండ్రీ. వాషర్లు ఇరవై. డ్రయర్లు పన్నెండు చాలని నేను, కాదు పద్నాలుగని వాడు. ఒక ఆదివారమంతా వాదించుకుని పద్నాలుగని తేల్చాం. దుప్పట్లకి ఒక పెద్ద మెషీన్. కిటికీ పక్కన ఒక టేబుల్. బట్టలు ఉతుక్కోడానికి వచ్చినవాళ్ళ పిల్లలు కూర్చుని హోమ్‌వర్క్ చేసుకోడానికి. ఆ టేబుల్ వాడిది. ప్రతివారం మొత్తం నేను చెప్పాలి, టేబుల్ దగ్గరికొచ్చేసరికి వాడు "ఆ, ఎక్కడ పెడదాం?" అనేవాడు. హెచ్-1బి మీద ఉన్నవాడు స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచెయ్యాలి, సొంత షాపులో కూర్చోడానికి వీల్లేదు. అది ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

2009 ఫిబ్రవరిలో వాడి ఉద్యోగం పోయింది. ఇప్పుడైతే ఉద్యోగం పోయినా 60 రోజుల దాకా వెసులుబాటు ఉంది. అది 2017 జనవరిలో వచ్చిన రూలు. అప్పట్లో అలాంటిదేం లేదు. ఆర్థికమాంద్యంలో ఇంకో కంపెనీ దొరకడం మాటలు కాదు. తొమ్మిదో రోజున ఫ్లైటు. ముందురోజు రాత్రి వాడి దుప్పట్లు ఉతకడానికి వెళ్ళాం. డ్రయర్ తిరుగుతోంది. అద్దంలోంచి నీలం దుప్పటి పైకెళ్ళి కింద పడుతుంటే దాన్నే చూస్తూ వాడు, "మన లాండ్రీ సంగతి చెప్పరా" అన్నాడు. చెప్పాను. వాషర్లు, డ్రయర్లు, పెద్ద మెషీన్, టేబుల్, అన్నీ. గొంతు ఎక్కడా ఆగకుండా చూసుకున్నాను. వాడు ఎప్పట్లాగే అడగాల్సిన చోట అడిగాడు.

అప్పటికి నేను ఈ పుస్తకం చదవలేదు. 2011లో లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే కొన్నాను. చివరి అధ్యాయంలో నది ఒడ్డున జార్జ్, లెన్నీని అవతలి గట్టు వైపు చూడమని, వాళ్ళు కొనబోయే పొలం గురించి చెప్పడం మొదలుపెడతాడు. లెన్నీ మధ్యమధ్యలో అందిస్తుంటాడు. అక్కడ పుస్తకం మూసి బయటికెళ్ళి నడిచాను. మిగిలిన నాలుగు పేజీలు మర్నాడు చదివాను.

కథ మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1930ల మహామాంద్యం రోజులు, కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయ. జార్జ్, లెన్నీ ఊరూరా తిరిగి కూలి చేసుకునేవాళ్ళు. ఎప్పటికైనా ఓ పొలం కొనుక్కుని, అందులో కుందేళ్ళు పెంచుకోవాలని వాళ్ళ కల. లెన్నీ కొండంత మనిషి, బుద్ధి చిన్నపిల్లాడిది. మెత్తగా ఉన్నదేదైనా నిమరాలనిపిస్తుంది, చేతుల్లో ఎంత బలముందో తెలీదు. సోలిడాడ్ ఊరి దగ్గర ఒక రాంచ్‌లో పనికి చేరతారు. అక్కడ యజమాని కొడుకు కర్లీ భార్య మెడ లెన్నీ చేతిలో పొరపాటున విరిగిపోతుంది. కర్లీ మనుషులు పట్టుకుని చంపేలోగా జార్జే వెనకనుంచి కాలుస్తాడు. ఆరు అధ్యాయాలు, గురువారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా. అంతే నవల.

"నాటకంలా ఉంది, మనుషులు వస్తారు, మాట్లాడతారు, పోతారు" అని విసుక్కునేవాళ్ళకి ఒక మాట. అది నాటకంగా ఆడటానికి వీలుగా కావాలనే అలా రాశాడు. 1937లో పుస్తకం వచ్చింది, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో బ్రాడ్వే నాటకరంగం మీద ఆడారు. కథ జరిగే చోట్లు ఇవే: నది ఒడ్డు, కూలీల పడక గది, గుర్రపుశాల గది, గడ్డి కొట్టం, మళ్ళీ నది ఒడ్డు. ఆ ఇరుకే దానికి బలం. వాళ్ళకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదని చెప్పకుండానే తెలుస్తుంది.

"ముగింపు ముందే తెలిసిపోయింది" అన్నది ఇంకో ఫిర్యాదు. తెలియాలనే కదా లెన్నీ చేతుల్లో ముందు ఎలుక చచ్చింది, తర్వాత కుక్కపిల్ల, తర్వాత కర్లీ భార్య! పుస్తకం పేరు కూడా స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన పద్యంలోది. రైతు నాగలి తగిలి ఎలుక గూడు చెదిరిపోతుంది, ఎలుకైనా మనిషైనా ఎంత బాగా వేసుకున్న పథకమైనా తారుమారవుతుందంటాడు. అట్ట మీదే చెప్పేసినదాన్ని చివర్లో దాచలేదని తప్పుపడితే నేనేం చెప్పను? నాకు అసలు కోపం బడుల మీద. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ పుస్తకమిచ్చి, "ఒంటరితనం అనే అంశానికి మూడు ఉదాహరణలు రాయుము" అని షీట్లు పంచుతారు. జార్జ్ చేసింది తప్పా ఒప్పా అని చేతులెత్తమంటారు. పద్నాలుగేళ్ళకి అలా చేతులెత్తినవాళ్ళే ముప్ఫయ్యేళ్ళకి వచ్చి బోర్ పుస్తకం అని ఒక స్టార్ ఇచ్చిపోతున్నారు. వాళ్ళ తప్పేం లేదు.

గట్టి అభ్యంతరాలు వేరే ఉన్నాయి, వాటిని నేను తోసెయ్యను. లెన్నీ మనిషిలా లేడు, పెంపుడు జంతువులా ఉన్నాడంటారు. రచయిత కూడా వాణ్ణి ఎలుగుబంటితో, గుర్రంతో పోలుస్తాడు నిజమే. ఆ పాత్ర జనం బుర్రల్లో ఎంత దిగిపోయిందంటే, మేధోవైకల్యం ఉన్నవాళ్ళకి మరణశిక్ష వెయ్యకూడదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక, ఎవరిని మినహాయించాలో తేల్చేటప్పుడు టెక్సస్ క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు 2004లో లెన్నీనే ఉదాహరణగా ఎత్తింది. కథలో మనిషిని కొలబద్ద చేసుకుని బతికున్న మనుషుల్ని కొలిచారు! 2012లో ఒక ఖైదీకి శిక్ష అమలు చేసే ముందు స్టైన్‌బెక్ కొడుకు థామస్ దీన్ని బహిరంగంగా ఖండించాడు. అయినా ఆపలేదు. ఆ కొలతలు చెల్లవని సుప్రీంకోర్టు అనడానికి 2017 దాకా పట్టింది. ఇందులో పుస్తకం తప్పేముంది?

కర్లీ భార్యకి పేరే పెట్టలేదని చాలామందికి కోపం. న్యాయమే. కానీ గడ్డి కొట్టంలో ఆమె చివరి సీన్ మళ్ళీ చదవండి. సినిమాల్లోకి పిలుస్తూ ఉత్తరం వస్తుందనుకుంది, రాలేదు, అమ్మే దాచేసిందని ఇప్పటికీ నమ్ముతోంది. ఆ ముచ్చట ఆమె లెన్నీకి చెప్తుంటే లెన్నీ కుందేళ్ళ గురించి మాట్లాడుతుంటాడు. ఒకరిది ఒకరు వినరు. ఆమెకీ కల ఉంది, పక్కన కూర్చుని అందించే మనిషే లేడు. గుర్రపుశాల చూసుకునే నల్లమనిషి క్రుక్స్ సంగతి అంతకంటే ఘోరం. నేనూ మీ పొలానికి వచ్చి ఊరికే పనిచేస్తానని అడిగిన కాసేపటికే, చెట్టుకి ఉరి తీయించగలనని ఆమె బెదిరిస్తుంది. వెంటనే ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. ఆ కాసేపు ఆశపడ్డందుకే నాకు క్రుక్స్ అంటే ఎక్కడలేని గౌరవం.

నా ఉద్దేశంలో మాత్రం ఈ పుస్తకం జార్జ్‌దీ లెన్నీదీ కాదు, క్యాండీది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్యాండీ ముసలివాడు, ఆ రాంచ్‌లోనే ఒక చెయ్యి పోయింది, చీపురు పట్టుకుని గదులు ఊడుస్తుంటాడు. వాడి ముసలి కుక్క కంపు కొడుతోందని తోటివాళ్ళు బయటికి తీసుకెళ్ళి కాల్చేస్తారు. తుపాకీ చప్పుడు వినబడేదాకా గదిలో ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీదు. ఒకడు పేకముక్కలు కలుపుతాడు, నేల కింద ఏదో ఎలుక గీకుతున్న చప్పుడు, క్యాండీ పడుకుని కప్పుకేసి చూస్తుంటాడు. ఆ మూడు పేజీలకి సాటి రాగల సీన్ నేను ఇంకెక్కడా చదవలేదు.

ఆ తర్వాతే అసలు సంగతి. అదే గదిలో జార్జ్ మళ్ళీ పొలం కథ లెన్నీకి చెప్తుంటాడు. పదెకరాలు, 600 డాలర్లు. వింటున్న క్యాండీ లేస్తాడు. చెయ్యి పోయినందుకు ఇచ్చిన 250, బ్యాంకులో ఇంకో 50, నెలాఖరుకి రాబోయే 50, మొత్తం 350 పెడతానంటాడు. నెల జీతం యాభై కాబట్టి వీళ్ళిద్దరివీ కలిపి వంద. 450. అప్పటిదాకా అది జార్జ్ నోట్లో పాట. లెక్క దాదాపు కుదిరేసరికి జార్జ్‌కే మాట రాదు, మొదటిసారి నమ్ముతాడు. ఇంకొకటి చూడండి: ఆ పొలం ముసలి దంపతులది, డబ్బుల్లేక, ముసలామెకి ఆపరేషన్ చేయించాల్సి ఉండి అమ్ముకుంటున్నారు. వీళ్ళ సుఖం కూడా ఇంకొకరి కష్టంలోంచే రావాలి. స్టైన్‌బెక్ దాన్ని ఒక్క వాక్యంలో అనేసి వెళ్ళిపోయాడు. కష్టకాలం గురించి రాయడమంటే అదీ.

ఇక మా వాడి అభిప్రాయం. పుస్తకం చదివిన వారానికి ఫోన్ చేసి చదవమన్నాను. ఏడాది పట్టింది వాడికి.

"చదివానురా. నచ్చలేదు."

"ఏం?"

"ఆ లెన్నీకి ఏం జరుగుతోందో తెలీదు. నాకు తెలుసు. ఆ రాత్రి నువ్వు చెప్తుంటే అంతా తెలిసే విన్నాను. అసలు అడిగింది కూడా నాకోసం కాదు. నువ్వు ఏడ్చేలా ఉన్నావని అడిగాను."

చాలాసేపు నాకు మాట రాలేదు. మూడేళ్ళుగా నేను వాణ్ణి ఓదార్చానని అనుకుంటున్నాను. తర్వాత పుస్తకం తీసి అయిదో అధ్యాయంలో ఒక చోటు వాడికి చదివి వినిపించాను. కర్లీ భార్య శవం గడ్డిలో ఉంది. క్యాండీ జార్జ్‌ని అడుగుతాడు, మనిద్దరం ఆ పొలం కొనుక్కోవచ్చు కదా అని. జార్జ్ నోరు విప్పక ముందే తల వంచేసుకుంటాడు. జవాబు వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. "నువ్వు లెన్నీవి కాదురా, ఇక్కడున్నావు" అన్నాను.

వాడు కాసేపు ఊరుకున్నాడు. ఆ ఒక్క పేజీ బాగుందన్నాడు, పుస్తకం మీద అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"అవునూ, ఆ రాత్రి డ్రయర్లు పన్నెండన్నావు. పద్నాలుగని తేల్చుకున్నాం కదరా."