టారో కార్డులు పట్టే ముందు

చి. శ్రావణికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వు టారో డెక్, అదే జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట, కొన్నావని, ఆఫీసులో స్నేహితులు అప్పుడే తమకు చూడమని వెంటపడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నువ్వూ అడిగావు. ఇది ఫోన్లో తెమిలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. ఏళ్లుగా ఈ కార్డులు పట్టుకుని మనుషుల ముందు కూర్చున్నదాన్ని. అర్థాలు బట్టీ పట్టడానికి ముందే నీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

రేపు ఏం జరుగుతుందో కార్డులకు తెలియదు తల్లీ. దాపరికం లేకుండా ఈ మాట ముందే చెబుతున్నాను. బొమ్మను చూస్తూ కూర్చున్న మనిషి నోట, అప్పటిదాకా తనకు తానే చెప్పుకోని సంగతి ఒకటి బయటపడుతుంది. అది బయటికి వచ్చేదాకా పక్కన ఓపికగా కూర్చోవడమే మన పని. వచ్చాక ఏం చెయ్యాలన్నది వాళ్ల ఇష్టం. మన దగ్గరికి వచ్చినవాళ్లు తమ నిర్ణయాన్ని మన చేతుల్లో పెట్టి వెళ్లిపోకూడదు. నేను రాసే ప్రతి జాగ్రత్తా దీనికోసమే.

మొదటి డెక్ ఎవరో బహుమతిగా ఇస్తేనే మంచిదని కొందరు అంటారు. పట్టించుకోకు. నీది రైడర్–వెయిట్ డెక్ అయితే దానితోనే నేర్చుకో, పుస్తకాలు చాలావరకు ఆ బొమ్మల మీదే రాస్తారు. అది 1909లో లండన్‌లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు వేసింది. కార్డుల మూలన మెలికలు తిరిగిన చిన్న గుర్తు ఉంటుంది చూడు, అది ఆమె సంతకం. అంత పెద్ద పనికి దక్కింది చాలా తక్కువ డబ్బని ఆమే ఒక ఉత్తరంలో రాసింది. డెక్‌కు ప్రచురణకర్త రైడర్ పేరు, వెయిట్ పేరు నిలిచాయి, బొమ్మలు వేసిన మనిషి పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. అందుకే ఇప్పటి చిత్రకారుల డెక్ ఏదైనా నచ్చితే డబ్బు పెట్టి కొను. దొంగ అచ్చులు, ఎవరో పంపిన పీడీఎఫ్‌లు వద్దు.

దీని చరిత్ర కూడా సరిగ్గా తెలుసుకో. ఎదుటివాళ్లకు చెప్పే మొదటి అబద్ధం తరచూ ఇక్కడే మొదలవుతుంది: ఇది ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారాల దొరల ఇళ్లలో ఇది పేకాట. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాన్ అనే ఆయన దీనికి ఈజిప్టు కథ తగిలించాడు. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవాళ్లే లేరు, ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో. పేకాటగా పుట్టిందని చెబితే నీ విలువేం తగ్గదు.

నేర్చుకోవడానికి తొందరపడకు. మొత్తం 78 కార్డులు. వాటిలో 22 మేజర్ ఆర్కానా, అంటే డెత్, టవర్ లాంటి పెద్ద కార్డులు, మిగతా 56 కప్పులు, కర్రలు, కత్తులు, నాణేలు. రోజుకు ఒక కార్డు తీసి, అర్థాల పుస్తకం తెరవకుండా, ముందు నీ కంటికి కనిపించింది నోట్‌బుక్‌లో రాసుకో. కత్తుల ఎనిమిది చూడు. అందులో ఒక ఆడమనిషి. కళ్లకు గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ కత్తులు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆమె కాళ్లకు కట్లు లేవు. కత్తులు కూడా ఆమెను పూర్తిగా చుట్టుముట్టి లేవు. కప్పుల అయిదులో మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, నల్ల అంగీ మనిషి వాటినే చూస్తున్నాడు, వెనక రెండు నిలబడే ఉన్నాయి. బొమ్మను ఇలా తీరిగ్గా చూడటం అలవాటైతే రేపు ఎదుటి మనిషి మాటను కూడా తీరిగ్గా వింటావు.

ఇక భయపెట్టే కార్డులు. 13వది డెత్. అది బల్ల మీద పడగానే మనవాళ్ల మొహంలో రంగు మారిపోతుంది. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, చేతిలో తెల్ల గులాబీ ఉన్న నల్ల జెండా, దూరాన రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవడం అని చదువుతారు దాన్ని. టవర్, డెవిల్, పది కత్తులు దిగిన మనిషి బొమ్మ కూడా ఇలాంటివే. ఇవి వస్తే ఏమంటావో ముందే నీ నోటితో నువ్వు పలికి చూసుకో. అప్పటికప్పుడు తడబడితే, నీ మొహంలో టెన్షనే వాళ్లకు జోస్యమవుతుంది.

ఇలా జోస్యంగా తీసుకోవడం మన దగ్గర ఇంకా ఎక్కువ. సోదె చెప్పే ఎరుకలసానిని, చిలక జోస్యం చెప్పే మనిషిని చూస్తూ పెరిగినవాళ్లం. నువ్వు టారో ముందు పెట్టినా వినేవాళ్లు ఆ చెవులతోనే వింటారు. ‘నాకు ఇలా అనిపిస్తోంది’ అని నువ్వంటే, ఇంటికెళ్లి ‘కార్డుల్లో వచ్చింది’ అని చెబుతారు. మాటకు ముందే బరువు ఉంది. పైగా అమ్మవారు చెప్పించింది, బాబా పలికించాడు అని దేవుడి పేరు కలిపావా, ఇక వాళ్లు కాదనలేరు. అలా ఎప్పుడూ అనకు.

అన్నింటికంటే గట్టిగా చెప్పేది ఇది. ‘మీకు ఎవరో గిట్టనివాళ్లు ఏదో చేశారు’ అనే మాట నీ నోట రాకూడదు. అడిగినవాళ్లు అనుమానం పెట్టుకుని వస్తారు. ‘మా తోడికోడలేనా?’ ‘పక్కింటావిడేనా?’ అని వాళ్లే పేర్లు చెబుతారు. నువ్వు ఊఁ కొట్టినా చాలు, ఒక మనిషి మీద ముద్ర పడిపోతుంది. చేతబడి, బాణామతి అనే నెపంతో మన రెండు రాష్ట్రాల్లో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని కార్డులు చూసేవాళ్లకు ఆ ఊళ్లతో సంబంధం లేదనుకోకు. మాట ఫోన్లో ఊరికి చేరడానికి ఎంతసేపు? అలాంటి ప్రశ్న వస్తే ‘దీనికి నేను కార్డు తియ్యను’ అని కట్ట మూసెయ్యి.

జబ్బు, ఆయుష్షు, కడుపులో బిడ్డ, కోర్టు తీర్పు, షేర్లు, బెట్టింగు, వీటికీ తియ్యకు. తాయెత్తులతో, మంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం కింద మన దేశంలో నేరం. చట్టం సంగతి అలా ఉంచు. మా వీధిలో ఒకావిడకు ఎవరో కార్డులు చూసి భర్తకు గండం ఉందన్నారు. పాపం, ఆయన ఆఫీసు నుంచి ఇంటికొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేది. అన్నవాళ్లకు ఆ మాట గుర్తుండి కూడా ఉండదు.

ఎదురుగా లేని మనిషి మనసు గురించి కూడా చూడకు. ‘మా కోడలు మనసులో ఏముంది?’, ‘అతనికి ఇంకెవరైనా ఉన్నారా?’ అని అడుగుతారు. ఒప్పుకోని మనిషి గదిలోకి తలుపు తోసుకుని వెళ్లినట్టే అది. ప్రశ్నను మార్చమని నెమ్మదిగా అడుగు. ‘పెళ్లి ఎప్పుడవుతుంది?’ అన్నవాళ్లను ‘ఈ సంబంధంలో నేను గమనించకుండా వదిలేస్తున్నది ఏమిటి?’ అని అడిగి చూడమను. వీసా లాటరీలో పేరు వస్తుందా అంటే అది నీకు తెలియదు. ‘రాకపోతే నా ముందున్న దారులేమిటి?’ అనే ప్రశ్న మీద మాత్రం గంటసేపు మాట్లాడుకోవచ్చు. మొదట్లో మూడు కార్డులు చాలు: ఇప్పుడున్న పరిస్థితి, దారిలో ఉన్న అడ్డు, చేతిలో ఉన్న పని. కార్డు తిప్పగానే నువ్వు మొదలుపెట్టకుండా ‘నీకేం కనిపిస్తోంది?’ అని వాళ్లనే అడుగు.

నువ్వు చెప్పింది అచ్చం సరిపోయిందని వాళ్లు ఆశ్చర్యపోయే రోజు తప్పకుండా వస్తుంది. అప్పుడు బెర్ట్రమ్ ఫోరర్‌ను తలుచుకో. ఆయన అమెరికాలో మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు. 1948లో తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకు రాసిచ్చానని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోంచి తీసినవే. తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. ‘పైకి ధైర్యంగా ఉంటారు గానీ లోపల దిగులు పడతారు’ అంటే సరిపోని మనిషెవరు? అలాంటి వాక్యాలు నీ నోటికి అలవాటు కాకుండా చూసుకో. బట్టలు, ఉంగరం చూసి ఊహించినదాన్ని కార్డు చెప్పినట్టు చెప్పకు.

కూర్చునే ముందు ఎక్కువ హంగామా అక్కర్లేదు. బల్ల మీద శుభ్రమైన గుడ్డ, ఫోన్ సైలెంట్‌లో, తాగడానికి నీళ్లు. నువ్వు కోపంగా ఉన్నా, నిద్ర లేకపోయినా ఆ రోజు చూడనని చెప్పు. నేర్చుకుంటున్నానని, భవిష్యత్తు చెప్పనని, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపుతానని మొదటే చెప్పెయ్యి. విన్నది నీ దగ్గరే ఉండాలి, మీ అమ్మకు కూడా చెప్పకు, స్టేటస్‌లో ఫొటో పెట్టకు.

ఎవరైనా ఇక బతకాలని లేదనే ధోరణిలో మాట్లాడితే కార్డులు అక్కడే పక్కన పెట్టు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు. ఒంటరిగా పంపించకు. వాళ్లు నమ్మే ఇంటి మనిషిని పిలిపించు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు డెక్ పెట్టె లోపలి మూత మీద ఇవాళే రాసి పెట్టుకో.

డబ్బు తీసుకోవచ్చా అని అడిగావు. నేర్చుకుంటున్నంత కాలం వద్దు. తర్వాత తీసుకుంటే తప్పేమీ లేదు, సమయం ఇస్తున్నావు కదా. ఎంత తీసుకుంటావో కూర్చోకముందే చెప్పు, మధ్యలో పెంచకు, పరిహారాలు, రాళ్లు, పూజలు అంటగట్టకు. ఒకే ప్రశ్నతో వారం తిరగకుండా మళ్లీ వచ్చినవాళ్లను డబ్బు వస్తుంది కదా అని కూర్చోబెట్టకు. పోయినసారి అనుకున్న పని ఏమైందో అడిగి, అది చేశాక రమ్మని పంపు. 22 మేజర్ కార్డులకు నీ మాటల్లో రాసుకోవడం అయ్యాక ఫోన్ చెయ్యి, అప్పుడు నాకే ఒకసారి చూద్దువుగాని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ