రాలీ బీబీకి ఏ పానాలు కొనాలంటే

తమ్ముడూ, తాతగారి పాత రాలీ సైకిల్ తొక్కుతుంటే పెడల్స్ దగ్గర కరకరమంటోంది, బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు, దాని బేరింగులు) విప్పడానికి ఏ పానాలు కొనాలి అని అడిగావు కదా. పెద్ద సెట్టు మాత్రం కొనకు, అందులో చాలావరకు ఇప్పటి సైకిళ్లవే.

డబ్బు పెట్టాల్సింది కాటర్ పిన్ ప్రెస్ మీద, అంటే క్రాంక్‌ని (పెడల్ కడ్డీని) ఇరుసుకి బిగించే పిన్‌ని నొక్కి బయటికి తీసే పనిముట్టు మీద. నేను మొదటిసారి సుత్తితోనే కొట్టాను, పిన్ మర నలిగి వంగిపోయింది, చివరికి డ్రిల్లుతో తీయాల్సి వచ్చింది. ప్రెస్ దొరక్కపోతే ముందురోజు రాత్రే నూనె వేసి, నట్టు పూర్తిగా తీయకుండా మర చివరికి సమానంగా ఉంచి, క్రాంక్ కింద ఇనప గొట్టం నేలకి ఆనేలా నిలబెట్టి, అప్పుడు ఒక్క గట్టి దెబ్బ వేయి. గొట్టం లేకపోతే ఆ దెబ్బంతా బాల్స్ తిరిగే కప్పుల మీద పడి గుంటలు పడతాయి.

ఎడమ కప్పుని బిగించి ఉంచే లాక్‌రింగ్‌కి కొక్కెం పానా కావాలి. కప్పుకి రెండు చిల్లులుంటే పిన్ పానా, చదును అంచులుంటే మామూలు పానా, చూసుకుని కొను.

కుడి కప్పు జోలికి పోకు, గుడ్డ దూర్చి అక్కడే తుడిచేయొచ్చు. మరీ అరిగిపోయి తీయాల్సి వస్తే దాని మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. కొత్త కప్పు కొనేముందు పాతది పట్టుకెళ్లు, చాలా రాలీలకి అంగుళానికి 26 మరలు, మిగతావాటికి 24. బాల్స్ పావు అంగుళానివి, పక్కకి 11 చొప్పున, మొత్తం కొత్తవే వేసెయ్.